కూరగాయల బండి వెనకే పుస్తకాల బండి

గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14న మొదలవుతాయి. దండలు, శాలువాలు, వ్యాసరచన పోటీలు ఎలాగూ ఉంటాయి. ఈసారి జిల్లా గ్రంథాలయ సంస్థను ఇంకొక్క పని చేయమని కోరుతున్నాం. కరోనా నాటి లాక్‌డౌన్‌లా బెజవాడకు మళ్లీ తాళం పడితే పుస్తకం పాఠకుడి గుమ్మం దాకా ఎలా వెళ్తుందో కాగితం మీద పెట్టాలి.

2020 ఏప్రిల్‌లో కృష్ణలంక పేటలో జరిగింది నగరం మరిచిపోలేదు. పొద్దుపోక ఓ లారీ డ్రైవరు ఇరుగుపొరుగుతో పేకాటకు కూర్చుంటే 24 మందికి కరోనా అంటుకుందని అప్పటి జిల్లా కలెక్టరే చెప్పారు. బయటికి రావొద్దని మైకుల్లో చెప్పారు, వీధులకు అడ్డంగా కర్రలు కట్టారు. రేకుల కప్పు కింద ఒకే గదిలో అయిదుగురు రోజంతా ఏం చేస్తూ కూర్చోవాలో ఎవరికీ పట్టలేదు. కూరగాయల అమ్మకాన్ని విశాలమైన మైదానాలకు మార్చి, కొనేవాళ్లు దూరంగా నిలబడేలా ముగ్గుతో గళ్లు గీయించిన యంత్రాంగానికి పుస్తకం ఊసే రాలేదు. పొద్దుపోకపోవడమూ రోగం పాకే దారేనని ఆ పేకాట తేల్చింది. పుస్తకాన్ని నిత్యావసరాల జాబితాలో చేర్చమనడానికి మాకు ఆ ఒక్క కారణం చాలు.

పుస్తకాన్ని జనం దగ్గరికి తీసుకెళ్లడం ఈ ప్రాంతానికి కొత్తా? 1914లో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది ఇక్కడే. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊళ్లకు పంపారు. పడవకు బదులు ఇప్పుడు తోపుడు బండి చాలు. మామూలు నవల సైజులో (డెమీ) 200 పేజీల పుస్తకం పావుకిలో అటూఇటూ తూగుతుంది. వంద కిలోల బరువుకు 400 పుస్తకాలు. ఇంటికి రెండు చొప్పున ఇస్తే ఒక్క బండి 200 గడపలు తిరిగి వస్తుంది.

చిక్కంతా ఎంపిక దగ్గర వస్తుంది. బండి చుట్టూ జనం మూగి అట్టలు తిరగేయడం మొదలుపెడితే అది మరో పేకాట బల్లే. అందుకని జాబితా ముందురోజే వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి, ఫోన్‌లో అడిగినవాటిని ఇంటి నంబరు రాసిన కాగితం సంచిలో వేసి గుమ్మంలో పెట్టి రావాలి. స్మార్ట్‌ఫోన్ లేని ఇంటికి పిల్లల బొమ్మల కథలు ఒకటి, పెద్దక్షరాల పుస్తకం ఒకటి మనమే ఎంచి ఇవ్వాలి. పోటీ పరీక్షల పుస్తకాలకు మాత్రం వారం గడువు పెట్టాలి, లేకపోతే ఒకే ఇంట్లో నెలల తరబడి ఉండిపోతాయి.

తిరిగొచ్చిన పుస్తకాల సంగతిలో భయం కొద్దీ చేసే పనులే ఎక్కువ నష్టం తెస్తాయి. శానిటైజరు చల్లితే కాగితం ఉబ్బుతుంది, అట్ట మీది రంగు కరుగుతుంది. వీధుల్లో చల్లే క్రిమిసంహారక ద్రావణం హైపోక్లోరైట్ తగిలితే కాగితం పెళుసుబారుతుంది. మే నెల ఎండలో ఆరబెడితే బైండింగు జిగురు పగిలి పేజీలు ఊడతాయి. ప్లాస్టిక్ సంచిలో బిగించి పెడితే వానాకాలం తేమకు బూజు ఖాయం. 2020లో అమెరికాలో గ్రంథాలయ వస్తువుల మీద వైరస్ ఎన్నాళ్లుంటుందో చూసిన రియల్మ్ ప్రాజెక్టు పరీక్షల్లో విడివిడిగా ఉంచిన పుస్తకాల మీద మూడు రోజుల తరవాత వైరస్ కనిపించలేదు, దొంతరగా పేర్చినవాటి మీద ఆరో రోజుకూ ఉంది. ఉపరితలాలను తాకడం వల్ల కరోనా సోకే అవకాశం చాలా తక్కువని ఆ మరుసటి ఏడాదికి తేలింది. కాబట్టి వచ్చినవాటిని బల్ల మీద ఎడంగా పరిచి ఫ్యాను కింద మూడు రోజులు వదిలేస్తే భయపడేవాళ్లకూ భరోసా. జాగ్రత్త పడాల్సింది గాలి ఆడని గదిలో మనుషులు ముఖాముఖి మాట్లాడుకునే చోట. లావాదేవీలు కిటికీ దగ్గరో వరండాలోనో జరగాలి. (భయంతో పత్రికను గుమ్మం దగ్గరే ఆపించినవాళ్లు ఆ రోజుల్లో ఎందరో. ఈ విషయంలో మా స్వార్థమూ ఉందని దాచుకోం.)

ఫోన్‌లో పీడీఎఫ్‌లు ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి, కానీ స్కాన్ చేసిన పాత పుస్తకాల్లో అక్షరం చిన్న తెర మీద చీమతల. ఫోన్‌ను అడ్డంగా తిప్పి అంచులు కత్తిరించుకుంటే కొంత నయం. దానికంటే ఇంట్లో ఒకరు పైకి చదివితే మిగతావాళ్లు వినడం మేలు. అరగంటకు పది, పన్నెండు పేజీలు నడుస్తాయి, ఒక్క పుస్తకం ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. రేకుల ఇళ్లలో మధ్యాహ్నం దాని జోలికి వెళ్లొద్దు, తెల్లవారుజామున గానీ దీపాలు పెట్టాక గానీ కుదురుతుంది. ఛానళ్ల మరణాల లెక్క నడుస్తుండగా మాత్రం ఏ కథా చెవికెక్కదు. ముందు టీవీ కట్టేయాలి.

ఖర్చు మాటకొస్తే, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా నగరవాసి ఇప్పటికే కడుతున్నాడు. ఏడాదికి 5,000 పన్ను కట్టే ఇంటి వాటా 400 రూపాయలు. వసూలైన సొమ్ము స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయాలకు సకాలంలో జమ కాదన్నది పాత ఫిర్యాదే. అందులోంచి బండి అద్దె, కాగితం సంచుల ఖర్చు పక్కన పెట్టి, ఏ శాఖా గ్రంథాలయం తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో రాసి వారోత్సవాల చివరి రోజు నవంబరు 20 నాటికి ప్రతి శాఖ తలుపుకూ అంటించాలి.