ఆధార్ కార్డును కామెంట్‌లో పెట్టకండి

"ఇక ప్రెస్‌మీట్లు, దరఖాస్తులు, ఆఫీసుల చుట్టూ తిరగడాలు అక్కర్లేదు. మన నాయకులు లైవ్‌లో, ఎక్స్‌లో మనసు విప్పి మాట్లాడుతున్నారు. సమస్యను కామెంట్‌లో రాయండి. ఫోన్ నంబర్, ఆధార్, ఆసుపత్రి రిపోర్టులు జత చేయండి. నేరుగా ఆయనే చూస్తారు. లక్షల వ్యూసే ప్రజాదరణకు సాక్ష్యం."

హన్మకొండలో నేనున్న ప్రతి గ్రూపులోనూ ఈ మెసేజ్ తిరుగుతోంది. పంపేవాళ్లు చదువుకున్నవాళ్లే. ఒక్కొక్కరికి విడిగా జవాబిచ్చే ఓపిక ఇక లేదు.

వ్యూస్ సంగతి ఒక్క మాటలో తేలుతుంది. తిట్టడానికి చూసినా అది వ్యూనే.

"ఆయనే రాస్తారు, ఆయనే చూస్తారు" అనేది ఇంకో మాట. అభ్యర్థుల సోషల్ మీడియా ఖాతాలు నడిపే సిబ్బంది జీతాలను కూడా ప్రచార ఖర్చులో చూపాలని ఎన్నికల సంఘం 2013లోనే చెప్పింది. అంటే ఖాతాలు నడిపేది సిబ్బందేనన్నది అంత పాత సంగతి.

ప్రెస్‌మీట్ వద్దట! 2020 ఆగస్టులో వరంగల్ కాలనీలు మునిగాయి. నాలాల మీద ఆక్రమణలు తీసేస్తామన్నారు. 2023 జూలైలో కాలనీలు మళ్లీ మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. "మూడేళ్లలో ఏ నాలా మీద ఎన్ని కట్టడాలు తీశారు?" అని ఎదురుగా నిలబడి అడిగేవాడు ఉండాలి. జవాబు దాటేస్తే మళ్లీ అడగాలి. లైవ్‌లో ఏ ప్రశ్న చదవాలో ఎంచుకునేది ఎవరు? మాట్లాడే నాయకుడి మనుషులే కదా! ఆయన ఎంత మనసు విప్పినా, విప్పాలనుకున్నంతే విప్పుతాడు.

నాకు అసలు కోపం తెప్పించింది ఆధార్ మాట. సీఎం రిలీఫ్ ఫండ్ కోసం, ఎల్‌ఓసీ (చికిత్స ఖర్చు భరిస్తామని ఆసుపత్రికి ప్రభుత్వం ఇచ్చే పత్రం) కోసం తిరిగే కుటుంబం ఏ టెన్షన్‌లో ఉంటుందో మనకు తెలియదా? అలాంటివాళ్లతో పేషెంట్ పేరు, జబ్బు, ఫోన్ నంబర్, ఆధార్ అన్నీ లోకమంతా చూసే చోట పెట్టిస్తున్నారు. నాయకుడి ఫొటో పెట్టుకున్న దొంగ ఖాతా నుంచి "మీ ఫైల్ పాసైంది, ప్రాసెసింగ్ ఫీజు పంపండి" అని ఫోన్ రావడానికి ఇంకేం కావాలి? జబ్బు పేరుతో సహా చెబుతుంటే ఆ తల్లి నమ్మదా?

పైగా ఫేస్‌బుక్‌లో పేజీ నడిపేవాళ్లు కామెంట్‌ను దాచేయవచ్చు. దాచినా, రాసినవాళ్లకూ వాళ్ల ఫ్రెండ్స్‌కూ అది కనిపిస్తూనే ఉంటుంది. సారు చూస్తారనుకుంటూ ఆ మనిషి ఎదురుచూస్తాడు. ఆ కామెంట్‌ను చూడలేదని ఎవరి మీద అప్పీలు చేస్తాడు? అదే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకుంటే, దాన్ని పట్టుకుని అడగొచ్చు. దరఖాస్తు ఏమైందో సమాచార హక్కు చట్టం కింద తెలుసుకోవచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు ఉంది. తిరగాల్సి వస్తుంది, నిజమే. ఆ తిప్పటను తగ్గించమని అడగాలి కానీ రసీదునే వదులుకోమంటే ఎలా?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. 2016లో సౌదీలో కంపెనీలు జీతాలు ఆపేసి, మనవాళ్లు తిండి లేక క్యాంపుల్లో పడి ఉన్నప్పుడు ఒకరు పెట్టిన ట్వీట్‌కు అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ స్పందించారు. రాయబార కార్యాలయాన్ని కదిలించి భోజనం అందించారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌లో మనిషి లేని ఊరు అరుదు. అక్కడివాళ్ల ముందు ట్వీట్లు దండగ అని నేను అనలేను, అనను కూడా. ఆఫీసుకు వెళ్లే దారే లేనివాళ్లకు అది ప్రాణం నిలబెట్టింది. కానీ అప్పుడు కూడా పని చేసింది మంత్రి ఆదేశం, దాని వెనుక కదిలిన సిబ్బంది. ఆధార్ ఫొటో కాదు.

ఈ మెసేజ్ నమ్మి ఇప్పటికే వివరాలు పెట్టినవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ రాత్రే ఆ కామెంట్ డిలీట్ చేయించండి. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయించండి. ఫీజు పేరుతో డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.