మాస్కుతో ఆగే ఆవిరి కాదు

పాత అలాయ్ వీల్‌కు కొత్త రంగు వేయాలంటే ముందు పాతది ఊడాలి. పొడి రంగు చల్లి 200 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో గట్టిపరిచిన పౌడర్ కోటింగ్ గీకితే రాదు. వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచితే ఇనుముకు ఫరవాలేదు గానీ అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా హైడ్రోజన్ వెలువడుతుంది. అందుకే ఎండీసీ, అంటే మిథిలీన్ డైక్లోరైడ్, కలిసిన స్ట్రిప్పర్ (రంగు ఊడదీసే ద్రవం) అంటే కోటింగ్ షాపువాళ్లకు అంత మోజు. ట్యాంకులో పోసి చక్రాన్ని ముంచుతారు. వేడి చేయక్కర్లేదు, లోహం జోలికి పోదు. కోటింగ్‌లోకి చొరబడి ఉబ్బిస్తుంది, పొర ముడతలు పడి ఊడివస్తుంది. మొండి ఎపాక్సీ రకం కోటింగ్‌కైతే ఫార్మిక్ యాసిడ్, ఫినాల్ కలుపుతారు. ఫినాల్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది.

ఎండీసీ మరిగేది 40 డిగ్రీలకే. మన దగ్గర మే నెలలో రేకుల షెడ్డు కింద అంత వేడి మామూలే. దాని ఆవిరి గాలి కంటే దాదాపు మూడు రెట్లు బరువు కాబట్టి ట్యాంకులోనే నిలుస్తుంది. జారిపడిన చక్రం కోసం లోపలికి వంగినవాడికి ముందు మత్తు కమ్ముతుంది. పీల్చినదాంట్లో కొంత శరీరంలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుగా మారుతుంది. ముక్కును నమ్ముకుందామా అంటే, వాసన తెలిసేసరికే అమెరికాలో పనిచోట్లకు పెట్టిన 25 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 25) పరిమితి దాటిపోయి ఉంటుంది.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ వినిపించే మాట ‘మాస్కు పెట్టుకోలేదు’ అని. ఈ మాటను మేము ఒప్పుకోం. బొగ్గు ఫిల్టరు మాస్కు ఎండీసీని ఎక్కువసేపు ఆపదు, బయటి నుంచి గాలి అందించే పరికరం కావాలి. మామూలు రబ్బరు గ్లవ్స్‌లోంచి అది నిమిషాల్లో లోపలికి వస్తుంది. 1980 నుంచి కనీసం 88 మంది దీనికి బలయ్యారని, వారిలో శిక్షణ పొంది రక్షణ పరికరాలు వేసుకున్నవారూ ఉన్నారని అమెరికా పర్యావరణ సంస్థే చెప్పింది. 2024లో అక్కడ చాలా పారిశ్రామిక వాడకాలను నిషేధించారు. యూరప్ ఫ్యాక్టరీల్లో వాడనిస్తుంది గానీ గాలిని బయటికి లాగే ఏర్పాటు, ట్యాంకుకు మూత, కడగడానికి వేరే తొట్టి తప్పనిసరి చేసింది.

ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. బెంజైల్ ఆల్కహాల్ స్ట్రిప్పర్ అల్యూమినియానికి పనికొస్తుంది. కాకపోతే వేడి చేయాలి, టైమ్ ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. ఇనుప హుక్కులకు, వస్తువులను పట్టి ఉంచే జిగ్గులకు పాత పొరను కాల్చేసే ఓవెన్ చాలు. అలాయ్ వీల్‌ను అందులో పెడితే బలం పోతుంది. ఇంత పెట్టుబడి నలుగురు పనిచేసే షాపు ఒంటరిగా మోయలేదు. హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఉమ్మడి స్ట్రిప్పింగ్ కేంద్రాలు పెట్టించి, తెరిచిన ఎండీసీ ట్యాంకులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు రెండూ గడువు విధించాలి. మూత, గాలిని బయటికి లాగే ఏర్పాటు మాత్రం ఆ గడువు కోసం ఆగక్కర్లేదు.

ట్యాంకు అడుగున పేరుకునే మడ్డి సంగతి ఎవరూ ఎత్తరు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనలున్నాయి, పంపడానికి హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ఇలాంటి వ్యర్థాలను తీసుకునే కేంద్రాలున్నాయి. అనుమతి రెన్యువల్‌కు వచ్చిన షాపును మడ్డి పంపిన రసీదు అడగడం కాలుష్య నియంత్రణ మండళ్లకు రేపే మొదలుపెట్టగలిగిన పని.