మైలేజీలో నెగ్గిన హైబ్రిడ్ కార్లు ఎందుకు ఓడిపోయాయి?

1999 చివర్లో హోండా ఇన్‌సైట్ మార్కెట్లోకి వచ్చింది. పెట్రోలు ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే హైబ్రిడ్ కార్లలో, ఈ కాలంలో అమెరికాలో అమ్మకానికి పెట్టిన మొదటిది అదే. బాడీ అంతా అల్యూమినియం. బరువు 850 కిలోల దరిదాపు. గాలి సాఫీగా జారిపోవడానికి వెనక చక్రాలను సగం మూసేశారు. మూడు సిలిండర్ల లీటరు ఇంజన్. మైలేజీ కోసం ఏమేం వదులుకోవచ్చో అన్నీ వదులుకున్నారు, చివరికి వెనక సీటుతో సహా. ఫలితం కూడా దక్కింది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ తర్వాత సవరించిన లెక్క ప్రకారం మాన్యువల్ గేరు ఇన్‌సైట్ లీటరుకు 22.5 కిలోమీటర్లు ఇచ్చేది. అదే లెక్కలో అప్పటి టయోటా ప్రియస్‌ది 17.4. (ఇక్కడ నేను చెప్పే మైలేజీలు దాదాపు అన్నీ నగరం, హైవే కలిపి ఈపీఏ ఇచ్చినవే. గ్యాలన్ల లెక్కను లీటర్లలోకి మార్చాను.)

ఐదు కిలోమీటర్లంటే చిన్న తేడా కాదు. అయినా మొదటి తరం ఇన్‌సైట్‌లు ప్రపంచం మొత్తం మీద అమ్ముడైంది 17 వేల చిల్లర. 2006లో తయారీ ఆగిపోయింది. 1997 డిసెంబర్‌లో జపాన్‌లో మొదలైన ప్రియస్ మాత్రం 2008కల్లా 10 లక్షలు దాటింది. కారణం కష్టపడి వెతకాల్సిన పని లేదు. ప్రియస్‌లో ఐదుగురు కూర్చోవచ్చు, ఇన్‌సైట్‌లో ఇద్దరే.

పాతికేళ్ల హైబ్రిడ్ల పోటీని వెనక్కి తిరిగి చూస్తే ఇదే కథ రకరకాలుగా మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కొనేవాళ్లు ముందు అడిగేది ‘బండి ఎంతిస్తుంది?’ అనే. తీరా కొన్నాక వాళ్లను ఆ కారుతో కట్టిపడేసేది మాత్రం వేరే ఏదో అవుతుంది. రెండు మంచి హైబ్రిడ్ల మధ్య లీటరుకు రెండు కిలోమీటర్ల తేడా చూసి నిర్ణయం తీసుకోవడం పొరపాటని నా గట్టి నమ్మకం. ఎందుకో చెబుతాను.

ముందుగా లెక్క. మైలేజీని కిలోమీటర్లలో చెప్పుకునే అలవాటు మనల్ని చాలా తేలిగ్గా తప్పుదారి పట్టిస్తుంది. ఏడాదికి 10 వేల కిలోమీటర్లు తిరిగే మనిషిని తీసుకుందాం. లీటరుకు 12 ఇచ్చే పెట్రోలు కారు ఆయనకు 833 లీటర్లు తాగుతుంది. 22 ఇచ్చే హైబ్రిడ్‌కి మారితే 455 లీటర్లు చాలు. అంటే 378 లీటర్ల ఆదా. అక్కడి నుంచి ఇంకా మంచిదని 25 ఇచ్చే కారుకి వెళ్తే ఖర్చయ్యేది 400 లీటర్లు, అదనంగా మిగిలేది 55. మొదటి అడుగులోనే పెద్ద ఆదా అయిపోయింది. ఆ పైన ఒక్కో కిలోమీటరూ బ్రోషర్‌లో ఘనంగా కనిపిస్తుంది గానీ ట్యాంకులో మిగిలేది కొంచెమే. అందుకే యూరప్‌లో చాలా దేశాలు ‘100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు’ అని రాస్తాయి. అది నిజాయతీ గల పద్ధతి.

ఇదే లెక్కతో 2017 నాటి పోటీ చూడండి. హ్యుందాయ్ అయోనిక్ హైబ్రిడ్ బ్లూ మోడల్‌కి ఈపీఏ 24.7 ఇచ్చింది. మామూలు ప్రియస్‌కి 22.1. ప్రియస్‌ని హ్యుందాయ్ దాటేసిందని ఆ రోజుల్లో చాలా చర్చ జరిగింది. 10 వేల కిలోమీటర్లకు తేడా ఎంత? సుమారు 47 లీటర్లు. ఏడాదికి ఒక ఫుల్ ట్యాంకు. ఆ అయోనిక్ హైబ్రిడ్ 2022లో ఆగిపోయింది. దాని ఇంజన్, మోటారు, గేర్‌బాక్సులనే వాడుకుని కాస్త ఎత్తుగా తయారైన కియా నీరో మైలేజీలో మూడు నాలుగు కిలోమీటర్లు తక్కువ. ఎక్కడానికి దిగడానికి సులువు, సామాన్ల డిక్కీకి మంచి ఎత్తు. అది రెండో తరంలోకి అడుగుపెట్టి ఇంకా అమ్ముడవుతోంది. ఎక్కువిచ్చే అన్న వెళ్లిపోయాడు, తక్కువిచ్చే తమ్ముడు నిలబడ్డాడు.

కంపెనీ చెప్పే అంకెకీ రోడ్డు మీద వచ్చే అంకెకీ ఉన్న దూరం మరో పెద్ద సమస్య. రెండో తరం ప్రియస్‌కి మొదట్లో అధికారిక మైలేజీ 23.4. ఈపీఏ 2008 మోడల్ కార్ల నుంచి పరీక్ష పద్ధతి మార్చి ఎక్కువ వేగం, ఏసీ, చలి వాతావరణం కలిపేసరికి అదే కారు 19.6కి దిగింది. కారులో ఒక్క నట్టు కూడా మారలేదు. ఫోర్డ్ సీ-మ్యాక్స్ హైబ్రిడ్ కథ ఇంకా బాధగా ఉంటుంది. ఫ్యూజన్ హైబ్రిడ్ సెడాన్‌లోని ఇంజన్, ట్రాన్స్‌మిషనే దీంట్లోనూ ఉన్నాయి కాబట్టి సెడాన్ అంకెనే దీనికి అంటించడానికి నిబంధనలు ఒప్పుకున్నాయి. కానీ సీ-మ్యాక్స్ ఎత్తైన బండి, గాలిని చీల్చుకుంటూ పోవాలి. కొన్నవాళ్లు గగ్గోలు పెట్టాక 2013లో 20 నుంచి 18.3కి, 2014లో 17కి తగ్గించారు. యజమానులకు కంపెనీ పరిహారం చెల్లించింది. ఆ కారు నిజానికి చెడ్డది కాదు. మొదటి రోజే 17 అని చెప్పి ఉంటే చాలామంది సంతోషంగా నడుపుకునేవాళ్లు. మాట తప్పిన కారు మీద మనసు విరుగుతుంది, ఆ తర్వాత ఎంతిచ్చినా తక్కువే అనిపిస్తుంది.

ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్-ఇన్ హైబ్రిడ్లలో ఈ దూరం మరీ ఎక్కువ. యూరోపియన్ కమిషన్ కార్లలోని మీటర్ల నుంచే సమాచారం సేకరించి 2024లో ప్రకటించిన లెక్కల్లో, వాటి కార్బన్ ఉద్గారాలు కాగితం మీది అంకె కంటే సగటున మూడున్నర రెట్లు ఉన్నాయి. రోజూ ఛార్జింగ్ పెట్టే ఓపిక, వీలు లేనివాళ్లు వాటి జోలికి పోకపోవడమే మంచిది.

ఇక మామూలు హైబ్రిడ్లు. పైకి అన్నీ ఒకటే అనిపిస్తాయి, లోపల దారులు వేరు. టయోటా ప్లానెటరీ గేర్ల సెట్టు (నడిమి గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే ఏర్పాటు) ఒకటి పెట్టి ఇంజన్ శక్తిని రెండుగా చీలుస్తుంది. కొంత నేరుగా చక్రాలకు, కొంత జనరేటర్‌కి. స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్, క్లచ్ ఏవీ ఉండవు కాబట్టి చెడిపోయేవి కూడా తక్కువ. హోండా మొదటి పద్ధతిలో సన్నటి మోటారుని ఇంజన్ షాఫ్టుకే బిగించింది. కరెంటు మీద నడిచినప్పుడు కూడా ఇంజన్ తిరుగుతూనే ఉండాలి. 2009లో ఐదు సీట్లతో, ప్రియస్ పోలికలతో, దానికంటే తక్కువ ధరకు వచ్చిన రెండో ఇన్‌సైట్‌కి అక్కడే దెబ్బ తగిలింది. ఆ ఏప్రిల్‌లో జపాన్‌లో, కేయ్ తరగతి చిన్న కార్లను పక్కన పెడితే, అత్యధికంగా అమ్ముడైన కారు అదే. ఒక హైబ్రిడ్‌కి అలాంటి గౌరవం దక్కడం అదే తొలిసారి. మే నెలలో మూడో తరం ప్రియస్ దిగింది. ప్రియస్ 21.3కి ఎదురుగా ఇన్‌సైట్ 17.4. నాలుగు కిలోమీటర్ల తేడాతో పాటు వెనక సీటు ఇరుకు, లోపల చప్పుడు. ఇన్‌సైట్ కోలుకోలేదు. తేడా ఇంత పెద్దదైనప్పుడు, పైగా సౌకర్యం కూడా తక్కువైనప్పుడు మైలేజీ తప్పకుండా తీర్పు చెబుతుంది. నేను కాదంటున్నది చిన్న తేడాలని.

ఆ దెబ్బ నుంచి హోండా బాగా నేర్చుకుంది. 2013 అకార్డ్ నుంచి వచ్చిన రెండు మోటార్ల పద్ధతిలో ఊళ్లో తిరిగేటప్పుడు ఇంజన్ ఎక్కువగా కరెంటు తయారీకే పనిచేస్తుంది, చక్రాలను తిప్పేది మోటారు. హైవే వేగం అందుకున్నాక ఒక క్లచ్ పడి ఇంజన్ నేరుగా చక్రాలకు కలుస్తుంది. నిస్సాన్ ఈ-పవర్‌లో ఆ క్లచ్ కూడా లేదు, ఇంజన్ ఎప్పుడూ జనరేటర్‌కే. ట్రాఫిక్‌లో అది అచ్చం ఎలక్ట్రిక్ కారులా మెత్తగా సాగిపోతుంది. సుదీర్ఘ హైవే ప్రయాణంలో మాత్రం శక్తి అంతా కరెంటుగా మారి మళ్లీ కదలికగా మారాలి, ఆ రెండు మార్పుల్లోనూ కొంత వృథా పోతుంది. రోజంతా సిగ్నళ్ల మధ్య తిరిగేవాళ్లకీ, వారానికోసారి వందల కిలోమీటర్లు వెళ్లేవాళ్లకీ ఒకే కారు సరిపోదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? పక్కింటాయన కారు ఎంతిస్తోందన్నది మనకు పనికొచ్చే సమాచారం కాదు. ఆయన దారి వేరు, ఆయన కాలు వేరు.

కాలు అన్నాను కదా, అక్కడికే వస్తాను. హైబ్రిడ్‌లో మొదటిసారి ట్రాఫిక్ జామ్‌లో కూర్చున్న రోజు నాకు బాగా గుర్తు. ఇంజన్ ఆగిపోయింది. ఏసీ చల్లగా వీస్తూనే ఉంది, దాని కంప్రెసర్ కూడా కరెంటుదే కాబట్టి. బండి అడుగు కదులుతోంది, ఆగుతోంది, టైర్ల కింద చిన్న రాయి నలిగిన చప్పుడు కూడా వినిపిస్తోంది. స్క్రీన్ మీద బాణం గుర్తులు. బ్రేక్ మీద కాలు పెడితే చక్రాల నుంచి బ్యాటరీ వైపు, వదిలితే బ్యాటరీ నుంచి చక్రాల వైపు. పది నిమిషాల్లో నా కాలు దానంతటదే మెత్తబడింది. బ్రేక్ గట్టిగా తొక్కితే శక్తి వేడిగా పోతుంది, ముందుగా మెల్లగా తొక్కితే వెనక్కి వస్తుంది. ఆ బాణాలు చూస్తూ నేర్చుకున్నంతగా ఏ పాఠంలోనూ నేర్చుకోలేదు. రెండో ఇన్‌సైట్‌లో హోండా ఇంకో అడుగు వేసి, పొదుపుగా నడిపితే స్క్రీన్ మీద మొక్కకు ఆకులు మొలిచేలా చేసింది. పిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ, తాను నడిపే తీరుకీ పెట్రోలుకీ ఉన్న సంబంధం డ్రైవర్‌కి కంటి ముందు కనిపించడం చాలా గొప్ప విషయం. హైబ్రిడ్ యజమానులు తమ కారు గురించి అంత ప్రేమగా మాట్లాడటానికి ఇదొక కారణమని అనుకుంటాను.

మరో కారణం గుర్తింపు. 2007లో అమెరికాలో సీఎన్‌డబ్ల్యూ అనే మార్కెట్ పరిశోధన సంస్థ అడిగితే ప్రియస్ కొన్నవాళ్లలో 57 శాతం మంది, ఈ కారు నా గురించి నలుగురికీ చెబుతుంది కాబట్టి కొన్నామన్నారు. మైలేజీ ప్రధాన కారణమన్నవాళ్లు 36 శాతమే. హోండా సివిక్ హైబ్రిడ్ అప్పటికి మంచి కారే, కానీ మామూలు సివిక్ పక్కన పెడితే తేడా తెలియదు. ఇది ఆడంబరమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. పొదుపు చేయడం గర్వకారణం అనుకునేవాళ్లు పెరగడం మంచిదే. ఆ గర్వమే లేకపోతే కొత్త టెక్నాలజీని మొదటి పదేళ్లు భుజాన మోసేదెవరు?

ఇప్పుడు పరిస్థితి మారింది. హైబ్రిడ్ ప్రత్యేకం కాదు, మామూలు కారైపోయింది. 2025 మోడల్ నుంచి అమెరికాలో టయోటా క్యామ్రీ హైబ్రిడ్‌గా మాత్రమే దొరుకుతోంది. ప్రియస్ ఇక దేనికి అన్న ప్రశ్న కంపెనీలోనే వచ్చింది. దాన్ని టాక్సీల కోసమే తయారుచేద్దామా అని అప్పటి అధినేత అకియో టొయోడా అడిగారని, జనం మనసుపడే కారు చేద్దామని తాము పట్టుబట్టామని అప్పటి డిజైన్ అధిపతి సైమన్ హంఫ్రీస్ 2022 నవంబర్‌లో కొత్త ప్రియస్ ఆవిష్కరణలో చెప్పారు. ఆ కారు పల్చగా, వాలుగా, చాలా అందంగా వచ్చింది. 2024లో ప్రపంచ కార్ల డిజైన్ అవార్డు కూడా అందుకుంది. శక్తి పాత మోడల్ 121 హార్స్‌పవర్ నుంచి 194కి పెరిగింది, మైలేజీ కూడా 24.2కి చేరింది. అయితే ఆ 24.2 చిన్న 17 అంగుళాల చక్రాలున్న బేసిక్ మోడల్‌ది. 19 అంగుళాల చక్రాల పై మోడళ్లలో అదే ఇంజన్, అదే మోటారు 22.1 ఇస్తాయి. ఒకే షోరూంలో పక్కపక్కనున్న రెండు ప్రియస్‌ల మధ్య తేడా, వేర్వేరు కంపెనీల మధ్య మనం వాదించుకునే తేడా అంత ఉంది. చక్రాల అందం కోసం దాన్ని వదులుకునేవాళ్లని నేను తప్పుపట్టను, తెలిసి వదులుకుంటే చాలు. ఆ వాలు అద్దం వల్ల వెనక సీటులో పొడుగు మనుషులకు తల తగులుతుందన్నది మాత్రం కొనేముందు కూర్చుని చూసుకోవాలి.

ఇవన్నీ మొదటి ఏడాది ముచ్చట్లు. ఐదేళ్లకో ఏడేళ్లకో యజమానికి అసలు టెన్షన్ బ్యాటరీ గురించే. 2006-08 సివిక్ హైబ్రిడ్ల బ్యాటరీలు త్వరగా నీరసించడంతో హోండా 2010లో సాఫ్ట్‌వేర్ మార్చింది. బ్యాటరీ ఆయుష్షు కాపాడే ప్రయత్నంలో మోటారు సాయం తగ్గింది, మైలేజీ పడిపోయిందని యజమానులు వాపోయారు. లాస్ ఏంజెలెస్‌లో ఒక మహిళ చిన్న మొత్తాల కోర్టుకు వెళ్లి 2012లో దాదాపు 10 వేల డాలర్లు గెలిచారు కూడా. అప్పీలులో ఆ తీర్పు నిలవలేదు. కానీ కొన్న రోజు ఇచ్చిన మైలేజీ నాలుగేళ్లకు ఇవ్వకపోతే మనిషి ఎంత నొచ్చుకుంటాడో ఆ కేసు చూపించింది.

చాలామందికి తెలియని చిన్న విషయం ఒకటి. అనేక హైబ్రిడ్లలో బ్యాటరీని చల్లబరిచే గాలి వెనక సీటు పక్కనున్న చిన్న జాలీ గుండా లోపలికి వెళ్తుంది. దాని మీద బ్యాగు పెట్టేస్తే, దుమ్ము పేరుకుపోతే బ్యాటరీ వేడెక్కుతుంది, కాలం గడిచేకొద్దీ దాని బలం తగ్గుతుంది. పాత హైబ్రిడ్ కొనేవాళ్లు మీటరు రీడింగ్ కంటే ముందు ఆ జాలీ చూడాలి. అది శుభ్రంగా ఉంటే యజమాని కారుని పట్టించుకున్నాడని అర్థం.

బాగా చూసుకుంటే ఏమవుతుందో చెప్పే పరీక్ష ఒకటి ఉంది. 2011లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక సుమారు 3.3 లక్షల కిలోమీటర్లు తిరిగిన 2002 ప్రియస్‌ని తెచ్చి, పదేళ్ల కిందట దాదాపు కొత్తగా ఉన్నప్పుడు పరీక్షించిన ప్రియస్ ఫలితాలతో పోల్చింది. కొత్తది లీటరుకు 17.3 ఇచ్చింది. పాతది, కంపెనీ పెట్టిన అదే బ్యాటరీతో, 17.2.