గూగుల్ గారికి గృహప్రవేశ ఆహ్వానం

గిరాకీ తగ్గితే షాపు బోర్డుకు కొత్త రంగు వేయించడం మన వరంగల్‌లో తరతరాలుగా నడుస్తున్న వైద్యం. ఇప్పుడు ఆ వైద్యం వెబ్‌సైట్లకూ వచ్చింది. సైటు రూపం మార్చినంత మాత్రాన గూగుల్‌లో ర్యాంకు పెరగదని కొందరు ప్రచారం చేస్తున్నారు. వాళ్లు అభివృద్ధి నిరోధకులు. వాళ్ల నోళ్లు మూయించడానికి మా బావమరిది అనుభవం ఒక్కటి చాలు.

మా వాడికి కొత్తవాడలో దర్రీల, అంటే నేల మీద పరిచే నేత తివాచీల, దుకాణం ఉంది. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకే అన్న, గుర్తింపు వచ్చింది. అంతకు ముందే ఎవరో డిగ్రీ కుర్రాడు వాడికొక వెబ్‌సైటు చేసిపెట్టాడు. చూడ్డానికి అచ్చం రేషన్ కార్డులా ఉండేది. ఆకుపచ్చ రంగు, మూడు వంకర ఫోటోలు, కింద నాలుగు పేరాలు. దర్రీకి, జంపఖానాకి తేడా ఏమిటి, ఏ సైజు ఏ గదికి సరిపోతుంది, ఉతికితే రంగు దిగుతుందా, పోచమ్మ మైదాన్ నుంచి షాపుకు ఎట్లా రావాలి. అంతే. కొనేవాళ్లు ఏ మాటలు కొట్టి వెతుకుతారో సరిగ్గా ఆ మాటలే అందులో ఉండేవి. చేనేత మీద ప్రాజెక్టు రాసిన కాలేజీ పిల్లలు ఇద్దరు ముగ్గురు ఆ పేజీకి లింకులు కూడా ఇచ్చారు. 'వరంగల్ దర్రీలు' అని కొడితే మొదటి పేజీలో, నాలుగో ఐదో స్థానంలో తలవంచుకుని నిలబడేది.

ఇంత అనాకారి సైటును మొదటి పేజీలో చూపించడం గూగుల్‌కే నామోషీ అని మా వాడికి తోచింది.

"బావా, సైటు పాతగైంది. కొత్తగ చేయిస్తే గూగుల్ల టాప్‌కి పోతదట" అన్నాడు. 'అట' అన్న చోట ఆధారాలు అడగడం మా ఇంట్లో మర్యాద కాదు.

నిజానికి ఆ పాత సైటుకు ఒక జబ్బు ఉండేది. ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమల బారులా కనిపించేవి. గూగుల్ ఈ రోజుల్లో ఏ సైటునైనా ఫోన్ కళ్లతోనే చదువుతుంది కాబట్టి, అదొక్కటి బాగు చేయిస్తే ఎంతో కొంత లాభం ఉండేదే. కానీ ఒక జబ్బుకు ఒకే మందు రాస్తే బిల్లు అరవై ఐదు వేలు ఎట్లా అవుతుంది?

కొత్త సైటు వచ్చింది. తెరవగానే మగ్గం వీడియో, దాని మీద డ్రోన్ వీడియో, దాని మీద వీణ. పేజీలోని అసలు సరుకు 2.5 సెకన్లలోపు తెర మీదికి రావాలని గూగుల్ అంటుంది. మా సైటులో ఆ 2.5 సెకన్లలో ఒక గుండ్రటి చక్రం తిరగడం మొదలవుతుంది. నేను స్టవ్ మీద చాయ్ పెట్టి తెరిచాను. చాయ్ పొంగింది, చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

పాత నాలుగు పేరాలు తీసేశారు. "జనం చదవరు సార్" అన్నాడట డిజైన్ చేసినాయన. వాటి చోట ఒకే వాక్యం: 'మీ అడుగుల కింద ఒక కథ'. ఏమి అమ్ముతున్నాడో ఎవరికీ తెలియదు. చెప్పులా, కార్పెట్లా, భూములా? దర్రీ అన్న మాట ఒకే ఒక చోట, అది కూడా బొమ్మలో కలిసిపోయి ఉంది. పేజీలో అక్షరాలుగా ఉన్న మాట గూగుల్‌కు అందినంత సులువుగా బొమ్మలో కలిపేసిన మాట అందదు. అదేమిటంటే, వెనకాల, పేజీ కోడ్‌లోని కీవర్డ్స్ ట్యాగులో, ఎవరికీ కనపడకుండా వెతికే మాటలు రెండు వందలు దట్టించామన్నాడు. ర్యాంకుకు ఆ ట్యాగును లెక్కలోకి తీసుకోనని గూగుల్ 2009లోనే చెప్పేసింది. ఆ కబురు ఎక్కిన రైలు ఇంకా కాజీపేటలో సిగ్నల్ కోసం ఆగి ఉన్నట్టుంది.

వాస్తు సంగతి వేరే చెప్పాలి. ఫోన్ తెరకు పైభాగం ఉత్తరం అనుకుంటే, కొనే బుట్ట బొమ్మ ఈశాన్యంలో ఉంది. డబ్బుకు సంబంధించినది నైరుతిలో ఉండాలని మా అత్తగారు పట్టుబట్టారు. బుట్టను కింద ఎడమ మూలకు దించారు. అక్కడ దాన్ని ఇంతవరకూ కనిపెట్టిన గిరాకీ లేడు. వాట్సాప్ గుర్తు మాత్రం ముందే ఆగ్నేయంలో ఉంది కాబట్టి బతికిపోయింది. దశమి నాడు లాప్‌టాప్‌కు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి సైటును వదిలారు. నీళ్లు కీబోర్డు మీద పడకుండా పట్టుకున్నది నేనే.

మొదటి వారం ఏమీ కాలేదు. రెండో వారం నుంచి పేజీలు ఒక్కొక్కటే గూగుల్‌లోంచి మాయం కావడం మొదలైంది. నెల తిరిగేసరికి షాపు పేరు కొట్టినా సైటు లేదు. మా వాడికి బీపీ పెరిగింది. సైటు చేసిన కంపెనీకి ఫోన్ చేస్తే "గూగుల్‌కు టైం పడుతది సార్" అన్నారు. సైటు అడ్రసులు మారితే గూగుల్ సర్దుకోవడానికి కొన్ని వారాలు పట్టే మాట నిజమే. కానీ మారిన అడ్రసు ఎవరైనా చెప్తే కదా!

మన వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పినప్పుడు ఒక్కో రాయికి నంబరు వేసి పక్కన పెట్టారు. ఏళ్లు పట్టింది, మనమంతా తిట్టుకున్నాం, అయినా ఏ రాయి ఎక్కడిదో తెలుసు కాబట్టి మళ్లీ నిలబెట్టారు. 2024లో తెరిచారు. మా వాడి సైటు విప్పినప్పుడు ఒక్క పేజీకీ నంబరు వేయలేదు. పాత అడ్రసుకు వచ్చినవాణ్ని కొత్త అడ్రసుకు పంపే ఏర్పాటు ఒకటుంది, దాన్ని 301 రీడైరెక్ట్ అంటారు. కనీసం ఏడాదైనా ఉంచమని గూగుల్ చెబుతుంది. అది లేదు. కాలేజీ పిల్లలు ఇచ్చిన లింకులు, విజిటింగ్ కార్డు మీది అడ్రసు, చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే లింకు, అన్నీ పోయి పోయి 404, అంటే 'ఈ పేజీ లేదు' అనే గోడకు గుద్దుకుంటున్నాయి. ఆ 404 పేజీ మాత్రం చాలా అందంగా చేశారు. నెమలి కూడా ఉంది.

చివరికి ఇంజినీరింగ్ రెండో ఏడు చదివే మేనకోడలు ఒక ఆదివారం కూర్చుని చూసింది. ఐదు నిమిషాలు కూడా కాలేదు.

"మామా, ఇటు రా. లోపలికి రావద్దని గూగుల్‌కు మనమే రాసి పెట్టినం."

సైటు తయారవుతున్నన్ని రోజులూ గూగుల్ తన ఫలితాల్లో చూపించకుండా 'నోఇండెక్స్' అని ఒక పలక తగిలిస్తారు. గృహప్రవేశం అయ్యాక తీసేయాలి. మావాళ్లు ఊరంతా కార్డులు పంచి, భోజనాలు పెట్టి, గేటుకు తాళం వేసి మరిచిపోయారు.

ఆ పిల్ల పలక తీసింది. పాత అడ్రసులన్నీ కొత్తవాటికి కలిపింది. పాత పేరాలు నాలుగూ వెతికి తెచ్చి వీడియో తీసేసిన చోట పెట్టింది. గూగుల్ మ్యాపులో షాపుకు ఆదివారం సెలవు అని ఉంటే, తెరిచే ఉంటుందని మార్చింది. దగ్గర్లో దర్రీలు ఎక్కడ దొరుకుతాయని వెతికేవాడు ముందు చూసేది ఆ మ్యాపునే. అందులో టైమింగులు మార్చడానికి పైసా ఖర్చు కాదు. అందుకే దాని జోలికి ఇన్నాళ్లూ ఎవరూ పోలేదు. కూలీ కింద ఆ పిల్ల ఒక ఐస్‌క్రీమ్ అడిగింది. చలి చేస్తుందని అదీ ఇప్పించలేదు.

ఆరు వారాలకు సైటు మళ్లీ కనిపించింది. మొదటి పేజీలో, ఐదో స్థానంలో. అంటే అరవై ఐదు వేలు పోసి, సరిగ్గా బయలుదేరిన చోటికి.

మా వాడు ఆ తెరను ఫోటో తీసి కొత్తవాడ గ్రూపులో పెట్టాడు. "చూసినవా బావా, ఎక్కడా లేనిదాన్ని పట్టుకొచ్చి మొదటి పేజీల కూసోబెట్టిండు. కొత్త డిజైన్ అంటే ఇది!" అన్నాడు. కింద పదకొండు దండాలు వచ్చాయి. పక్క షాపాయన అదే కంపెనీకి సగం అడ్వాన్సు కట్టి, దశమి ఎప్పుడో కనుక్కోమని నాకే ఫోన్ చేశాడు.