ప్రపంచ కప్ నెలలో బడి: బ్రెజిల్ విద్యార్థుల 2014

రెండేళ్ల తర్వాత తమ దేశంలో జరగబోయే ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం 2012 జూన్‌లో బ్రెజిల్ ఒక ప్రత్యేక చట్టం చేసింది. టికెట్ల అమ్మకం, వీసాలు, వ్యాపార హక్కులు, స్టేడియంల చుట్టూ ప్రకటనలు వంటి అంశాలతో నిండిన ఆ చట్టంలో 64వ నిబంధన మాత్రం నేరుగా బడి పిల్లల దాకా వచ్చింది. 2014లో అర్ధ సంవత్సర సెలవులను, టోర్నీ మొదలయ్యే జూన్ 12 నుంచి ఫైనల్ జరిగే జూలై 13 వరకు అన్ని రోజులూ అందులోనే పడేలా ప్రభుత్వ, ప్రైవేటు బడులన్నీ సర్దుకోవాలని అది ఆదేశించింది. మ్యాచ్‌లు జరిగేది 12 నగరాల్లో. ఆదేశం మాత్రం 5,570 మునిసిపాలిటీలున్న దేశమంతటికీ.

బడి ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో ఒక క్రీడా ఉత్సవం కోసం చేసిన చట్టం తేల్చడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పిల్లలు ఆ నెలంతా ఆటకు దూరంగా ఉండాలన్నది నా వాదన కానే కాదు. బ్రెజిల్‌లో ప్రపంచ కప్ ఏడాది అంటే తరగతి గదిలోకి కూడా వచ్చే పండుగ. టోర్నీకి వారాల ముందే ఆటగాళ్ల స్టిక్కర్లు అతికించే ఆల్బమ్‌లు చేతికొస్తాయి. తమ దగ్గర రెండేసి ఉన్న బొమ్మలను విరామ సమయంలో మార్చుకోవడం, స్టిక్కర్లను బోర్లా దొంతిగా పేర్చి అరచేత్తో కొట్టి, తిరగబడిన వాటిని గెలుచుకునే ‘బాఫో’ ఆడడం పిల్లల దినచర్యలో భాగమైపోతాయి. పేటల్లో పెద్దలూ పిల్లలూ కలిసి రోడ్లకు ఆకుపచ్చ, పసుపు రంగులు వేస్తారు. సొంత దేశపు జట్టు మధ్యాహ్నం ఒంటిగంటకో, సాయంత్రం ఐదుకో మైదానంలోకి దిగుతుంటే లెక్కల పాఠం వినమని ఏ టీచరూ చెప్పలేరు. మ్యాచ్ జరిగే నగరంలో ఆ రోజు సెలవు ఇవ్వడం అన్ని విధాలా సబబే. ఆ అధికారం స్థానిక ప్రభుత్వాలకు అదే చట్టంలోని మరో నిబంధన ఇచ్చింది కూడా. మరి దానితో సరిపెట్టక, స్టేడియానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న అమెజాన్ లోపలి ఊళ్ల బడులనూ నెల రోజులు మూయమనడం దేనికి?

బ్రెజిల్ విద్యా చట్టం 1996 నాటిది. ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలన్నది 2014 నాటికి అందులోని కచ్చితమైన నియమం. ఆ గంటలు తగ్గకుండా చూసుకుంటూ, స్థానిక వాతావరణాన్నీ ఆర్థిక పరిస్థితులనూ బట్టి బడి క్యాలెండర్‌ను అక్కడి విద్యా వ్యవస్థే నిర్ణయించుకోవాలని కూడా ఆ చట్టం చెబుతుంది. వరదలొచ్చే నదీతీరానికి ఒక లెక్క, పంట కోతలుండే ప్రాంతానికి మరో లెక్క ఉండాలన్న తెలివిడి అందులో ఉంది. ప్రపంచ కప్ చట్టం దానికి అడ్డం తిరిగింది. చివరికి జాతీయ విద్యా మండలి కల్పించుకుని, విద్యా చట్టానిదే పైచేయి అని, స్థానిక వ్యవస్థలు తమ అవసరాన్ని బట్టి సర్దుకోవచ్చని అభిప్రాయం చెప్పాల్సి వచ్చింది. అయినా చాలా చోట్ల క్యాలెండర్లు మారిపోయాయి. కొన్ని రాష్ట్రాల్లో పోయే రోజుల్ని ముందే పూడ్చడానికి జనవరి నెలాఖరుకే తరగతులు మొదలుపెట్టారు.

సెలవులు అందరికీ ఒకటే అనిపిస్తుంది గానీ, వాటి బరువు ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. బ్రెజిల్ ప్రభుత్వ బడుల్లో భోజనం పెడతారు. 2009 నాటి చట్టం దాన్ని హైస్కూలు దాకా విస్తరించి, కేంద్రం ఇచ్చే నిధుల్లో కనీసం 30 శాతంతో చిన్న రైతు కుటుంబాల నుంచే సరుకు కొనాలని చెప్పింది. బడి మూసిన రోజున ఆ పళ్లెం ఉండదు, ఆ రైతు దగ్గర కొనుగోలూ ఉండదు. బడి మూతపడితే భోజనం ఏమవుతుందో 2020లో మన కళ్లతో మనం చూశాం; ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం, గుడ్లు, చిక్కీలు పిల్లల ఇళ్లకు చేర్చాల్సి వచ్చింది. ఇక పగలు పని చేసుకుని రాత్రి తరగతులకు వచ్చే విద్యార్థులు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు. బడి మూసినా వాళ్ల పని ఆగదు. చదువు మాత్రమే ఆగుతుంది.

దక్షిణాఫ్రికా అనుభవం దీనికన్నా కఠినమైనది. 2010లో తమ దగ్గర ప్రపంచ కప్ జరిగినప్పుడు ఆ దేశం చలికాలపు సెలవులను దాదాపు ఐదు వారాలకు పెంచింది. బడులు తెరిచి నెల గడిచిందో లేదో, ఆగస్టు 18న ప్రభుత్వోద్యోగుల సమ్మె మొదలైంది. అందులో టీచర్లూ ఉన్నారు. సెప్టెంబరు మొదటి వారం దాకా అది సాగింది. ఏడాది చివర్లో మెట్రిక్ పరీక్ష రాయాల్సిన 12వ తరగతి పిల్లలకు ఆ రెండు దెబ్బలూ ఒకే ఏడాదిలో తగిలాయి. ఫీజులతో నడిచే బడుల్లో ప్రభుత్వోద్యోగులు కాని, పాలక మండలే సొంతంగా జీతమిచ్చే టీచర్లూ ఉంటారు. నగర శివార్లలో నల్లజాతి పేదలుండే ‘టౌన్‌షిప్’ బడులకు ఆ వెసులుబాటు లేదు. సమ్మె వస్తుందని ఎవరూ ముందే చెప్పలేరన్నది నిజమే. అయినా ఏడాదిలో మిగులు రోజులన్నీ ఆటకే ఇచ్చేస్తే, అనుకోనిది వచ్చిన రోజున పిల్లల చేతిలో ఏమీ మిగలదు.

అలాగని ఏమీ మార్చకుండా వదిలేయడం కూడా పరిష్కారం కాదని ఇంగ్లండ్ చెబుతుంది. అక్కడ పదహారేళ్ల పిల్లలు రాసే జీసీఎస్ఈ పరీక్షలు మే నెలలో మొదలై జూన్ దాకా సాగుతాయి. పెద్ద టోర్నీలు చాలావరకు జూన్‌లోనే మొదలవుతాయి. బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థికవేత్తలు దీన్ని ఆసక్తికరమైన పద్ధతిలో పరిశీలించారు. టోర్నీ ఉన్న ఏళ్లనూ లేని ఏళ్లనూ, టోర్నీకి ముందు ముగిసే పరీక్షలనూ టోర్నీ నడుమ పడే పరీక్షలనూ పక్కపక్కన పెట్టి మార్కులను పోల్చారు. సగటు నష్టం 0.12 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత అటూ ఇటూ ఉంటాయో చెప్పే కొలత). వినడానికి చిన్న అంకెలా ఉన్నా, ఎన్నో విద్యా సంస్కరణలు సాధించే మెరుగుదలతో సమానమైన నష్టం అది. నన్ను ఎక్కువగా కలచివేసింది సగటు కాదు, దాని కింద ఉన్న తేడా: అబ్బాయిలు, వెనుకబడిన కుటుంబాల పిల్లలు మిగతావారి కంటే ఎక్కువ నష్టపోయారు. రేపటి పరీక్ష గుర్తుచేసి టీవీ కట్టేసే మనిషి, చదువుకోవడానికి వేరే గది ఉన్న ఇంట్లో మ్యాచ్ రెండు గంటల్లో ముగిసిపోతుంది. అవి లేని ఇంట్లో అది నెలంతా నడుస్తుందని నా అనుమానం.

బడి మూసినా, మూయకపోయినా దెబ్బ ఆ పిల్లల మీదే పడుతోంది. కాబట్టి సెలవులిచ్చే ముందు ఆ ప్రభుత్వాలు వేసుకోవాల్సిన లెక్క అదే: భోజనం ఎవరు పెడతారు, పోయిన గంటలు ఎప్పుడు తిరిగొస్తాయి, చివరి పరీక్షలను ఒక వారం ముందే పెట్టగలమా?

బ్రెజిల్ విద్యార్థులు ఈ ప్రశ్నలను పెద్దలకు వదిలేయలేదు. సినిమాకైనా స్టేడియానికైనా విద్యార్థికి సగం ధరకే టికెట్ ఇవ్వడం అక్కడ పాత హక్కు. ప్రపంచ కప్ చట్టం దాన్ని అన్నిటికన్నా చౌకైన నాలుగో తరగతి టికెట్లకు పరిమితం చేసింది. వృద్ధులు, పేద కుటుంబాలతో కలిపి వాళ్లకు కేటాయించినవి కనీసం 3 లక్షల టికెట్లు. 2013 జూన్‌లో సావో పౌలో బస్సు ఛార్జీ 3 రియాళ్ల నుంచి 3.20కి పెరిగినప్పుడు వీధుల్లోకి వచ్చిన యువత, స్టేడియంలకు పెట్టిన ప్రమాణాలే తమ బడులకూ పెట్టాలని, ‘ఫిఫా స్థాయి’ బడులు కావాలని అడిగింది. ఆ సెప్టెంబరులో చమురు రాయల్టీల్లో 75 శాతాన్ని విద్యకు కేటాయిస్తూ చట్టం వచ్చింది.

ఆ రోజుల్లోనే రియోలో మరకానా స్టేడియం పక్కనున్న మునిసిపల్ బడిని, స్టేడియం పనుల కోసం కూల్చాలన్న ప్రణాళిక ఉండేది. నగరంలో మంచి ఫలితాలు సాధించే బడుల్లో అదొకటి. దాని పేరు ఆర్థర్ ఫ్రీడెన్‌రైక్; జర్మన్ మూలాలున్న తండ్రికి, నల్లజాతి తల్లికి పుట్టి, 1919లో ఉరుగ్వేపై గోల్ కొట్టి బ్రెజిల్‌కు దక్షిణ అమెరికా కప్ గెలిపించిన ఆటగాడి పేరు అది. పిల్లలూ తల్లిదండ్రులూ నెలల తరబడి పోరాడిన తర్వాత, 2013లో గవర్నర్ ఆ ఆలోచన విరమించుకున్నారు.

2027లో మహిళల ప్రపంచ కప్‌కు బ్రెజిల్ మళ్లీ ఆతిథ్యమిస్తోంది. 8 నగరాలు, జూన్ 24 నుంచి జూలై 25 దాకా. మొదటి మ్యాచ్ రోజు సెయింట్ జాన్ పండుగ. బడుల్లో పిల్లలు మొక్కజొన్న వంటలతో, జంట నృత్యాలతో జరుపుకునే జూన్ వేడుకలకు కేంద్రమైన రోజు. ఈసారి టోర్నీలో ఎక్కువ భాగం మామూలు జూలై సెలవుల్లోనే పడుతుంది. జరపాల్సి వస్తే జరపాల్సింది కొద్ది రోజులే, అదీ ఆ ఊరి బడే నిర్ణయించుకోగలదు.