రేసు కార్ల కట్లు హైవే మీద కొట్టకండి

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఏడోసారి. సేఫ్టీ కార్ (రేసులో ప్రమాదం జరిగితే ముందుండి అందరినీ నెమ్మదిగా నడిపించే కారు) వెనకాల ఫార్ములా వన్ కార్లు పాముల్లా మెలికలు తిరుగుతున్న వీడియో, దాని కింద ఐదు ముక్కలు. డ్రైవర్లు అభిమానులకు సలాం కొడుతున్నారట. పెట్రోలు ఆదా అవుతుందట. ఇంజన్ చల్లబడుతుందట. టైర్లు వేడెక్కుతాయట. చివర్లో అసలు సలహా: ‘చలికాలం పొద్దున్నే హైవే ఎక్కగానే మీరూ రెండు నిమిషాలు ఇలా ఊపండి, గ్రిప్ రెట్టింపవుతుంది. అందరికీ పంపండి.’

సలాం కొట్టేది రేసు అయిపోయాక. పెట్రోలు మిగిలేది నెమ్మదిగా వెళ్లడం వల్ల, ఊపడం వల్ల కాదు. ఈ రెండింటికీ ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఇంజన్ సంగతి మాత్రం నేను తొందరపడి కొట్టిపారేశాను. తర్వాత ఆలోచిస్తే అందులో కొంత నిజం ఉంది. వేగం తగ్గితే రేడియేటర్లకు తగిలే గాలి తగ్గుతుంది. ముందు కారుకు అతుక్కుని వెళ్తే దాని వేడిగాలే మన కారులోకి వస్తుంది. అందుకే కొందరు డ్రైవర్లు కాస్త పక్కకు జరిగి మంచి గాలి తీసుకుంటారు. చల్లబరిచేది ఆ పక్కకు జరగడమే, మెలికలు కావు. అయినా ఈ ఒక్క ముక్క పూర్తిగా అబద్ధం కాదు, ఒప్పుకుంటున్నాను.

టైర్లు వేడెక్కుతాయన్నది నిజమే. అయితే ఏ టైర్లు? ఫార్ములా వన్‌లో పొడి ట్రాక్ మీద వాడే స్లిక్ టైర్ మీద ఒక్క గీత కూడా ఉండదు. ఆ రబ్బరు వేడి మీదే రోడ్డును పట్టుకుంటుంది. 2023 సీజన్‌లో ఆ టైర్లను కారుకు బిగించే ముందే దుప్పట్లలో చుట్టి 70 డిగ్రీల దాకా కాచేవారు. రేసులో ఇంకా వేడెక్కాలి. సేఫ్టీ కార్ వచ్చి వేగం పడిపోతే ఆ వేడి దిగిపోతుంది, లోపలి గాలి ఒత్తిడీ తగ్గుతుంది. కార్బన్ బ్రేకులైతే కొన్ని వందల డిగ్రీల వేడి లేకపోతే సరిగా పట్టవు. అందుకే కారు ఊపుతారు, మధ్యమధ్యలో ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కి వెంటనే గట్టిగా బ్రేక్ వేస్తారు. ఊపితే పైపొర వేడెక్కుతుంది. బ్రేకుల వేడి రిమ్ముకు, అక్కడి నుంచి టైరు లోపలికి చేరుతుంది. టైరుకు అంటుకున్న రబ్బరు ముక్కలు కూడా ఈ ఒరిపిడిలో రాలిపోతాయి. మెసేజ్ రాసినవాళ్లకు బ్రేకుల సంగతీ తెలియదు, రబ్బరు ముక్కల సంగతీ తెలియదు. సలహా ఇవ్వడానికి మాత్రం ముందుకొచ్చారు.

‘హైదరాబాద్‌లో ఫార్ములా-ఈ అనే కరెంటు రేసు కార్లకు గీతల టైర్లే కదా, అవీ ఊపారుగా’ అని ఒక మిత్రుడు వాదించాడు. ఊపుతారు. అక్కడ టైర్లను ముందుగా కాచడానికి వీల్లేదు. కానీ 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఆ రోడ్డంతా మూసేశారు. రెండు పక్కలా గోడలు, ఎదురు బండి లేదు, సందులోంచి దూరే బైకు లేదు.

అంత కట్టుదిట్టం ఉన్నచోట కూడా ఏమైందో చూడండి. 2018లో బాకూ రేసులో ఫార్ములా వన్ డ్రైవర్ రొమెయిన్ గ్రోజాన్ ఆరో స్థానంలో ఉండి, సేఫ్టీ కార్ వెనకాల టైర్లు వేడి చేసుకుంటూ కారును గోడకు కొట్టాడు. 2020లో ఇమోలా రేసులో జార్జ్ రసెల్ అనే మరో డ్రైవర్ కూడా అంతే, చేతికొచ్చిన పదో స్థానం పోయింది. వీళ్లు ఆ పని చేసే జీతం తీసుకునేవాళ్లు. మీరు దాన్ని వెనక సీట్లో పిల్లల్ని పెట్టుకుని చేయమంటున్నారా? కారు మీద లగేజీ కట్టుకుని, పక్కన ఆర్టీసీ బస్సు ఉండగా చేయమంటున్నారా?

మన కార్ల టైర్లు చల్లగా ఉన్నప్పుడు కూడా రోడ్డును పట్టుకునేలా తయారవుతాయి. మామూలుగా నడిపితేనే వాటికి కావలసినంత వేడి వస్తుంది. ఎత్తైన కారును వేగంలో అటూ ఇటూ తిప్పితే బరువంతా ఒక పక్కకు ఒరుగుతుంది. మంచు తడి ఉన్న రోడ్డయితే ఉన్న పట్టు కూడా జారిపోతుంది. కొత్త బైకు టైర్ల మీద జారుడు పొర ఉంటుందన్న మాట నిజమే. దానికి మందు మొదటి కొన్ని రోజులు నిదానంగా నడపడం, కట్లు కొట్టడం కాదు.

నాకు ఇంత కోపం ఎందుకంటే, డిసెంబర్‌లో మా బావమరిది నేను పక్కన కూర్చుని ఉండగానే ఈ పని చేశాడు. పొద్దున ఆరు కాలేదు, విజయవాడ హైవే, మంచు. ‘బావా, టైర్లు వేడెక్కాలి’ అంటూ స్టీరింగ్ ఊపాడు. వెనక మా అత్తగారి ఒళ్లో ఉన్న స్టీలు క్యారియర్ జారి తలుపుకు కొట్టుకుంది, సాంబారు ఆవిడ చీర మీద పడింది. ఎడమ పక్క నుంచి వస్తున్న పాలబ్బాయి బైకు ఆపలేక మట్టిలోకి దిగిపోయాడు. రెండు క్యాన్లు ఒకదానికొకటి కొట్టుకున్న చప్పుడు నాకింకా గుర్తుంది. అదృష్టం, పడలేదు.

చౌటుప్పల్ దగ్గర బంకులో ఆపించి టైర్ల మీద చెయ్యి పెట్టి చూశాను. అన్నీ గోరువెచ్చగా ఉన్నాయి. గాలి కొట్టే కుర్రాడితో చూపించాను. డోరు దగ్గర స్టిక్కర్ మీద 33 అని ఉంది, వెనక ఎడమ టైరులో 24. అది కూడా నడిచి వచ్చిన వేడి మీద. చల్లబడితే ఇంకా తక్కువే. ఆ టైరుతోనే ఊపాడు.