అమ్మ మోకాలిలోకి ఏం ఎక్కించారో చెప్పరా?

ఇప్పుడే ఎముకల డాక్టర్ దగ్గర్నుంచి వచ్చాం. ఒళ్లు మండిపోతోంది. అమ్మ కుడి మోకాలిలో మళ్లీ సూది వేశారు. స్టెరాయిడ్‌తో పాటు నొప్పి తెలియకుండా మత్తుమందు కూడా కలిపారట. ఏ మత్తుమందు, ఎంత శాతం అని అడిగాను. "అందరికీ వేసేదేనమ్మా" అన్నారు, తల కూడా ఎత్తకుండా. చీటీలో చూస్తే "కుడి మోకాలికి ఇంజెక్షన్ ఇచ్చాం" అని ఒక్క లైను. సీసా అప్పటికే చెత్తబుట్టలో పడిపోయింది. దగ్గు సిరప్ మీద కూడా మందు పేరు, మోతాదు ఉంటాయే! కీలు లోపలికి పంపే మందుకి పేరు రాయడానికి ఏం అడ్డొచ్చింది?

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, ఈ మత్తుమందులకి, ముఖ్యంగా బ్యుపివకైన్‌కి, కీళ్లలో ఎముకల చివర్లను కప్పి ఉండే గుజ్జులోని (కార్టిలేజ్) కణాలను చంపే గుణం ఉంది. మందు ఎంత గాఢంగా ఉంటే, ఎంత ఎక్కువసేపు తగిలితే అంత నష్టం. గుజ్జుకి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. పోయిన కణాల చోట కొత్తవి రావడం దాదాపు ఉండదు, పోతున్న సంగతి మనిషికి తెలియనూ తెలియదు.

అమెరికాలో భుజం ఆపరేషన్ల తర్వాత చిన్న పంపు పెట్టి రెండు మూడు రోజుల పాటు కీలులోకి ఈ మందులే వదిలేవారు. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ల భుజాల్లో గుజ్జు కరిగిపోయింది. 2009లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అలాంటి 35 కేసులు బయటపెట్టి హెచ్చరించింది. వాళ్లలో సగానికి పైగా మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సి వచ్చింది. ఒక్క సూదికే అంత జరుగుతుందని నేను అనడం లేదు. కానీ అమ్మది ఇప్పటికే అరిగిన మోకాలు, పైగా ఏటా వేస్తున్నారు.

జాగ్రత్తపడే దారులు లేవా అంటే ఉన్నాయి. ల్యాబ్ పరీక్షల్లో రోపివకైన్ అనే మరో మత్తుమందు తక్కువ హాని చేసింది. శాతం తగ్గించవచ్చు. చర్మం వరకే మత్తు ఇచ్చి, కీలులోకి పోకుండా చూడవచ్చు. మెగ్నీషియం కలిపితే కణాలు తక్కువ చస్తున్నాయని కూడా ల్యాబుల్లో తేలింది. ఇవన్నీ డాక్టర్లకి తెలియనివి కావు.

ఇదే మాట అంటే, "ఈ వయసులో ఇంకా గుజ్జు ఎక్కడుంటుందమ్మా" అన్నారు. నాకు అసలు మండింది అక్కడే. తెల్లారగానే పూల కోసం మేడ మెట్లు ఎక్కే మనిషి మా అమ్మ. మిగిలింది కొంచెమే అయితే దాన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి కదా! మా మామ్మ కళ్లు మసకబారుతున్నాయని చెప్పినప్పుడూ అందరూ "వయసు" అనే అన్నారు. తీరా చూస్తే అది గ్లాకోమా. అప్పటిదాకా ఒక్కరూ కంటి ప్రెషర్ చూడలేదు. పోయిన చూపు తిరిగి రాలేదు.

అమ్మ విషయంలో అలా ఊరుకోను. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. రేపు పొద్దున్నే కాగితం మీద రాసి, మందు పేరు, శాతం, మోతాదు అడుగుతున్నాను.